మూలపేట పిల్లకొక బొమ్మల పుస్తకము

శ్రీకాకుళము జిల్లాలో సంతబొమ్మాళి మండలమున సముద్రపు టొడ్డున మూలపేట యను పల్లె యున్నది. ఎదుట బంగాళాఖాతము. వెనుక కొబ్బరి, జీడిమామిడి తోటలు. కొంత లోపలికి పోయినచో నౌపడ ఉప్పుమడులు తెల్లగా మెరయుచుండును. ఆ దాపుననే తేలినీలాపురమున ఏటేట వానకాలము వెళ్ళు వేళకు గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును వచ్చి చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని, వేసవి ముదురకమునుపే మరలిపోవును. లోకులు వానిని సైబీరియా పక్షులందురు. ఎక్కడినుండి వచ్చినను ఆ పల్లెవారికి అవి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులతో సమానము. అవి వచ్చిన యేడు పంట పండునని వారి నమ్మకము.

ఇట్టిచోట పెరిగిన ఎనిమిదేండ్ల బాలిక యెరిగిన విషయము లల్పములు కావు. ఏ గాలి వీచినచో తెప్పలు కడలిలోనికి పోవో ఆమె యెరుగును. మడిలో నీరు ఎండి ఉప్పు పేరుకొను తీరు ఎరుగును. జీడిపిక్క పైతోలులోని జిడ్డు చేతికంటినచో చర్మము పొక్కునని ఎరుగును. అట్టి పిల్ల బడికి వచ్చి బొమ్మల పుస్తకము తెరచినప్పుడు అందేమి కనబడుచున్నది? మంచు మనిషి, ఆపిలుపండు, పొగగొట్టమున్న యెర్రని ఇల్లు, ఉన్ని టోపీ పెట్టుకొన్న ఎలుగుబంటి. ఆమె యెరిగినది పుస్తకములో లేదు. పుస్తకములో నున్నది ఆమె యెరుగదు. ఇది చిన్న లోపమని పెద్దలు తలంతురు. కాని పుస్తకమునకెక్కని ఊరు పుస్తకమునకు తగని ఊరని ఆ పసిమనస్సునకు తోచును. ఎవరును నోటితో చెప్పకయే ఆ పాఠము ఆమె నేర్చుకొనును. దానిని మరపించుట పిమ్మట ఏ ఉపాధ్యాయునికిని సులభము కాదు.

ఎరుగని లోకమును పిల్లలకు చూపరాదని దీని భావము కాదు. ఏడు సముద్రముల కావలి రాజకుమారుడును, రెక్కల గుఱ్ఱమును లేని బాల్యము బాల్యమే కాదు. మంచును చూడని పిల్ల మంచును బొమ్మలోనైనను చూడవలసినదే. అయితే కిటికీ యొకటి యున్న యింటిలో అద్దము కూడ ఒకటి యుండవలెను గదా! ఉద్దానపు పిల్లలకు కిటికీలు కొన్ని దొరకినవి. అద్దము మాత్రము నేటికిని దొరకలేదు.

బొమ్మల పుస్తకమనగా చదువురాని వారి ఊరడింపు అని మన బడులలో ఒక అభిప్రాయము చిరకాలముగా నున్నది. అక్షరములు వచ్చినంతనే బొమ్మలు మానవలెనని తల్లిదండ్రులు గూడ తొందరపడుదురు. మూడు చక్రముల బండినుండి దించి రెండు చక్రముల బండి నెక్కించినట్లు వారు దీనిని భావింతురు. ఇది పొరపాటు. చెకియా దేశపు విద్యావేత్త కొమేనియస్ 1658లో పిల్లలకై బొమ్మలతో పాఠ్యగ్రంథమును ప్రకటించినప్పుడే బొమ్మ మాటకు సేవకురాలు కాదని తేలినది. మంచి బొమ్మల పుస్తకమున మాట చెప్పినది బొమ్మ మరల చెప్పదు. బొమ్మ చూపినది మాట వివరింపదు. గూడబాతు వచ్చెను అని మాట చెప్పినచో, అది ఎంత అలసి వచ్చినదో, దాని ముక్కుక్రింది సంచి ఎట్లు వ్రేలాడుచున్నదో, చెట్టు క్రింద నిలచిన ముసలమ్మ దానిని చూచి ఏల చేయి యెత్తినదో బొమ్మ చెప్పవలెను. ఈ పుటకును ఆ పుటకును నడుమ ఏమి జరిగెనో పిల్ల తానే ఊహించుకొనవలెను. ఈ ఊహించుట చదువులో మిక్కిలి కష్టమైన భాగము. పెద్ద పుస్తకములు చదువు పెద్దలలో సైతము పలువురకు అది అలవడలేదు.

ఈ విద్యలో ఆరితేరిన యొక స్త్రీ వృత్తాంతము ఇచ్చట చెప్పుకొనదగినది. ఆమె పేరు బీట్రిక్స్ పాటర్. 1866లో లండను నగరమున కలవారి యింట పుట్టినది. ఆమెను బడికి పంపలేదు. ఇంటికి వచ్చి చదువు చెప్పు స్త్రీలే ఆమెకు గురువులు. తోడు ఒక తమ్ముడు. ఆ యిరువురును కుందేళ్ళను, ఎలుకలను, కప్పలను, గబ్బిలములను పెంచుచు, వానిని గంటల తరబడి చూచి బొమ్మలు వేయుచుండిరి. పెరిగి పెద్దదైన పిమ్మట పుట్టగొడుగులను సూక్ష్మదర్శినితో పరిశీలించి వందలకొలది చిత్రములు గీచినది. వానిపై ఆమె వ్రాసిన వ్యాసము 1897లో లిన్నేయన్ సంఘమున సమర్పింపబడినది గాని, స్త్రీలకు ఆ సభలో ప్రవేశము లేకపోవుటచే మరియొక పురుషుడు దానిని ప్రవేశపెట్టవలసివచ్చెను. శాస్త్రలోకము మూసిన తలుపు అట్లు మూసియే యుండెను. ఆ పరిశీలించు కన్ను మాత్రము వృథా పోలేదు.

తనకు పూర్వము చదువు చెప్పిన యొకామెకు నోయెల్ అను కుమారుడు కలడు. 1893లో ఆ అయిదేండ్ల బాలుడు జబ్బుపడెను. సెప్టెంబరు 4వ తేదీన పాటర్ వానికి ఉత్తరము వ్రాయబూని, ఏమి వ్రాయవలెనో తోచక, నాలుగు కుందేటి పిల్లల కథను బొమ్మలతో వ్రాసి పంపినది. పీటర్ అను కుందేటిపిల్ల తల్లి మాట వినక తోటలో దూరుట, తోటవాడు తరుముట, చొక్కాయు జోళ్ళును పోగొట్టుకొని ఇల్లు చేరుట, ఇంతియే కథ. కొన్నేండ్ల తరువాత ఆ యుత్తరమును తిరిగి అడిగి తెచ్చుకొని, కథను పెంచి, ప్రచురణకర్తలకు పంపగా పలువురు వలదనిరి. పుస్తకము చిన్నదిగా నుండవలెనని ఆమె పట్టు. చిన్న చేతులు పట్టుకొనవలసిన పుస్తకము గదా! వెల తక్కువగా నుండవలెనని మరియొక పట్టు. తుదకు 1901 డిసెంబరులో తన సొమ్ముతో 250 ప్రతులు అచ్చు వేయించుకొన్నది. 1902లో ఫ్రెడరిక్ వార్న్ సంస్థ రంగుల బొమ్మలతో దానిని ప్రకటించినది. మొదట ముద్రించిన 8,000 ప్రతులు చెల్లిపోయినవి. అటుపై ఆ చిన్ని పుస్తకము లోకమంతయు తిరిగినది.

ఈ కథయందు గమనింపదగిన దొకటి కలదు. ఆమె లోకములోని పిల్లలందరికై వ్రాయలేదు. మంచము పట్టిన ఒక్క పిల్లవానికై వ్రాసినది. అందువలననే మాట బిగువుగా కుదిరినది. అందరికొఱకని వ్రాయబడు బాలసాహిత్యమున పలుమారు ఏ పిల్లవాడును కనబడడు. ఉపదేశము చేయు పెద్దవాడొక్కడే కనబడును. మరియు ఆమె కుందేలు చొక్కా తొడుగుకొన్నను కుందేలే. దాని కాలి కీళ్ళు, చెవుల మలుపు, భయపడి నిలచు తీరు చూచినవాడు ఆమె కుందేలును ఎరిగి వేసినదని ఒప్పుకొనక తప్పదు. 1905లో పుస్తకముల రాబడితోను, పినతల్లివరుస బంధువు విడిచిపోయిన కొద్ది సొమ్ముతోను ఆంగ్లదేశపు ఉత్తరభాగమున సరస్సుల సీమలో హిల్ టాప్ అను కమతమును కొన్నది. అచ్చటి వాకిలి, మెట్లు, కూరగాయల మడి, బాతులు ఆమె తరువాతి పుస్తకములలో ఉన్నవి ఉన్నట్లు కనబడును. కొండగొఱ్ఱెలను పెంచి, పొలముల వెంబడి పొలములు కొని, 1943లో కన్నుమూయునప్పటికి నాలుగువేల ఎకరములకు పైబడిన భూమిని అది చెడకుండ కాపాడుటకై నేషనల్ ట్రస్టు అను సంస్థకు వ్రాసియిచ్చినది. పిల్లల బొమ్మల పుస్తకము ఒక సీమను నిలబెట్టినదనిన అతిశయోక్తి కాదు.

మన తెలుగునాట ఇట్టి ప్రయత్నము జరుగలేదా యని ఎవరైన అడుగవచ్చును. జరిగినది. ఉద్దానమునకు పొరుగుననే యున్న బరంపురమున 1905లో జన్మించిన న్యాయపతి రాఘవరావుగారును, వారి సతీమణి కామేశ్వరిగారును మదరాసు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమములు నడపి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పేరుపొందిరి. నిజమైన పేర్లకంటె ఆ పేర్లే లోకమునకు తెలియును. 1945లో వారు బాల యను మాసపత్రికను స్థాపించిరి. అందు బొమ్మలుండెను, పాటలుండెను, అన్నిటికంటె మిన్నగా పిల్లలు వ్రాసి పంపినవి అచ్చుపడెను. బాపుగారును, ముళ్ళపూడి వేంకటరమణగారును బాలురై యుండగనే బాల పత్రికలో అడుగుపెట్టిరి. అక్కయ్యగారి గొప్పతనము పిల్లలకు తాము చెప్పిన దానిలో కంటె, పిల్లలు చెప్పినది వినుటలో ఎక్కువగా నున్నది. పిల్లవాని మాటను సరిదిద్దక ముందు వినవలెనని ఆ దినములలో తలచినవారెందరు? ఆ పత్రిక 1959తో ఆగిపోయినది. 1947 జూలైలో మొదలైన చందమామ అంతకంటె చాలకాలము నిలచి, అదియు కడకు ఆగినది. పత్రిక మాసముతో వెళ్ళిపోవును. చేతిలో నిలచు బొమ్మల పుస్తకము తెలుగున ఆ పాటి బలముతో ఏర్పడలేదు. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయము కొంత లోటు తీర్చినది గాని, దేశమంతటికిని ఒకే బొమ్మ పంచునప్పుడు మూలపేట వంతునకు వచ్చున దెంత?

బొమ్మలు వేయువారు లేరందమా, చందమామ ముఖపత్రములను తన రంగులతో వెలిగించిన వడ్డాది పాపయ్యగారు 1921లో శ్రీకాకుళముననే పుట్టిరి. పిల్ల మాటలో పుస్తకము వ్రాయువారు లేరందమా, ఈ జిల్లాలోనే ముఖలింగ క్షేత్రమునకు సమీపమున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, కొండలలోని సవరల భాష నేర్చి, వారి పిల్లలకై వారి భాషలో వాచకములు సిద్ధము చేసిరి. లిపి లేని భాషకు తెలుగు లిపిలో పుస్తకము చేసి పిల్లవాని చేతికిచ్చిన ఆ పండితుని ఊరు ఇంత దాపున నుండగా, ఉద్దానపు పిల్లల పలుకు పుస్తకమునకు పనికిరాదని ఎవరైన వాదించినచో ఆశ్చర్యపడవలసినదే. బొమ్మ క్రింది మాట ఆ సీమలో అమ్మ బిడ్డతో ఆడు మాటయే కావలెను. అచ్చట జీడిపిక్కయందురు, పుస్తకమున జీడిపిక్కయనియే యుండవలెను. వ్యాకరణము నేర్పుటకు పై తరగతులలో తరుణము లేకపోలేదు. ఈ మాటను గ్రాంథికమున చెప్పవలసి వచ్చుటకు గిడుగువారు నవ్వినను నవ్వవచ్చును!

ఇక ఏమి వ్రాయవలెను, ఏమి వ్రాయరాదు అను చర్చ యొకటి. పిల్లల పుస్తకమున దుఃఖ ముండరాదని చాలమంది మతము. పూలు, సీతాకోకచిలుకలు, విందు, వినోదము చాలునందురు. ఉద్దానపు పిల్లలయెదుట ఈ మతము నిలువదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు తండ్రుల నాటినుండి వచ్చిన కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలకూలినవి. కొబ్బరిచెట్టు మరల నాటి కాపు చూచుట కెన్నో ఏండ్లు పట్టును. ఆ చెట్టు క్రింద ఆడుకొన్న పిల్లకు ఆ మాట ఎవరు చెప్పవలెను? మూత్రపిండముల వ్యాధి కొన్ని దశాబ్దములుగా ఆ సీమను పీడించుచున్నది. దానికి కారణ మిదియే యని శాస్త్రజ్ఞులు ఇంకను నిశ్చయింపలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. నాన్న వారమునకు రెండు మూడు దినములు రక్తశుద్ధికై ఎందుకు పోవుచున్నాడో, వచ్చినప్పుడు ఏల మాటాడక పడుకొనుచున్నాడో తెలియక తలుపు వెనుక నిలచు పిల్ల ఉద్దానమున లేనియింట లేదనలేము గాని, ఉన్న యిండ్లు చాల ఉన్నవి. పాటర్ తన కథలో తొలి పుటలలోనే పీటరు తండ్రి తోటవాని యింట వంటకమైపోయెనని దాపరికము లేక చెప్పినది. పిల్లలు భయపడి పుస్తకము మూయలేదు. తమకు నిజము చెప్పిన పెద్దమనిషిని నమ్మినట్లు ఆ పుస్తకమును నమ్మిరి. రోగమును గూర్చి వైద్యుడు కరపత్రము వేయును. ఆ పిల్లకు తోడుగా ఒక కథయు, నాన్న మంచము ప్రక్క కూర్చున్న పిల్ల బొమ్మయు వేయవలసినవాడు వేరొకడు.

అయితే దుఃఖమే ఉద్దానమను భ్రమ కూడ తగదు. దూరమునుండి వచ్చి చూచువారు ఆ సీమలో రోగమునే చూతురు. అచ్చట పుట్టినవాడు పనసచెట్టు మొదట కాచిన కాయను చూచును. శీతకాలము వెళ్ళువేళ రాత్రులందు ఇసుకపై గ్రుడ్లు పెట్టుటకు వచ్చు సముద్రపు తాబేళ్ళ జాడలను చూచును. పలాసలో జీడిపప్పు ఒలుచు స్త్రీల చేతివేగమును చూచును. పప్పు విరుగకుండ పొట్టు తీయుట యెంత నేర్పో పది పుటలలో బొమ్మలతో చూపినచో, అమ్మ కూలికి పోవుచున్నదని సిగ్గుపడు పిల్ల అమ్మ చేతిని మరియొక కంటితో చూడదా?

మరియొక కారణము కూడ ఉన్నది. అది తొందర చేయు కారణము. భావనపాడు రేవుగా మొదట తలపెట్టిన ఓడరేవునకు 2023 ఏప్రిలులో మూలపేటలో శంకుస్థాపన జరిగినది. అప్పటినుండి ఆ తీరమునకు రాళ్ళును, యంత్రములును వచ్చినవి. రేవు మంచిదా చెడ్డదా యను తీర్పు ఇచ్చట ప్రస్తుతము కాదు. పనులు వచ్చునని ఆశపడువారును, వలలు ఆరబెట్టుకొనిన చోటు పోవునని దిగులుపడువారును ఒకే వీథిలో నున్నారు; ఒకే యింట ఉన్నను ఉండవచ్చును. రేవు వచ్చిన తరువాత పుట్టు పిల్లలకు ఈ తీరము ఎట్లుండెడిదో చూపుట కేమున్నది? ప్రభుత్వ దస్తావేజులలో భూమి ఎకరములుగా నుండును. తెప్ప కట్టు త్రాళ్ళ ముడి, ఉప్పుమడి గట్టుపై నడచు పిల్లల వరుస, సాయంకాలము ఒడ్డున బుట్టలతో నిలచిన స్త్రీలు దస్తావేజునకు ఎక్కరు. ముసలివారి జ్ఞాపకమున ఉన్నవి వారితోనే పోవును. బొమ్మల పుస్తకమున కెక్కినది మాత్రము పిల్లల చేతులు మారి నలిగి చిరిగి అయినను నిలచును.

రంగుల అచ్చునకు వ్యయ మధికమను ఆక్షేపణ వినబడును. నిజమే. ఒక జిల్లాలోని ఒక మూలకై పుస్తకము వేయుటకు వర్తకుడు ముందునకు రాడు. పాటర్ కొఱకును వర్తకుడు మొదట రాలేదు. మొదటి 250 ప్రతులలో లోపలి బొమ్మలు రంగులులేని గీతలే. నల్లని గీతతో మంచి చిత్రకారుడు చేయలేని దేమి? రంగులు వేయుటకు పిల్లలే యున్నారు. పదునారు పుటలు చాలును. వ్రాయువారు ఎక్కడినుండియో రానక్కరలేదు. ఆ బడిలోని ఉపాధ్యాయిని వ్రాయవచ్చును, ఉప్పుమడిలో పనిచేయు తాత చెప్పగా తొమ్మిదవ తరగతి పిల్ల వ్రాయవచ్చును. అందరికై వ్రాయుచున్నామను భారము మాత్రము పెట్టుకొనరాదు. తేలినీలాపురపు చెట్లక్రింద నిలచి మెడ వెనుకకు వంచి గూడబాతును చూచు ఒక్క పిల్లకై వ్రాసినచో చాలును. గూడబాతు తన పిల్లకు చేపను ఎట్లు పెట్టునో ఆ పిల్ల చూచియే యున్నది. తల్లి సంచిలోనికి పిల్ల తల దూర్చి తినును. మొదటి బొమ్మ అదియే కావచ్చును.